పెనాయా ముగించని మాట

ఆఫీసుకు రాగానే సెనిమిలి చేసే మొదటి పని ఒక ఫైలు ఎంత బరువుందో చూసుకోవడం. తెరిచి చదవడం కాదు, బరువు చూడటమే. అరవై ఒక్క వేల పై చిలుకు అక్షరాలు. నిన్న ఎంతో ఇవాళా అంతే. అది చూసుకున్నాకే గొడుగు దులిపి మూలన పెట్టి, టీ కలుపుకుని, బ్రెడ్డు ముంచుకు తింటూ మిగతా పనుల్లో పడేది. సువా పట్నంలో వాన పడని పొద్దు ఎన్నడని, గొడుగు ఎండేది ఎన్నడని.

ఆ ఫైల్లో ఉన్నది ఆమె మేనమామ పెనాయా చివరిసారి చెప్పిన మాటలు. ఆయన పోయి అప్పటికి రెండు నెలలైంది. ఆ మాటల్లో సెనిమిలి తల్లి ఉంది. నలభై నాలుగేళ్లు వచ్చాక మొదటిసారి తన తల్లి గురించి ఒక మనిషి నోరు విప్పాడు. ఆ మాట తన బల్ల పక్కనున్న పెట్టెలోనే, తన చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయినా ఆవిడ చదవలేదు. ఎందుకు చదవలేదో తెలియాలంటే ఆవిడ సంగతి మొదట్నుంచీ చెప్పుకురావాలి.

సెనిమిలి పుట్టింది తల్లి ఊళ్లో, లౌ దీవుల్లోని దెలైవతులో. ఆమెకు మూడేళ్లప్పుడు తల్లి సముద్రంలో పోయింది. పక్క దీవిలో పెళ్లికి వెళ్లి తిరిగి వస్తుంటే పగడపు దిబ్బల దగ్గర పడవ బోల్తా పడింది. పడవ నడుపుతున్నది ఆమెకు స్వయానా అన్న, ఈ పెనాయాయే. ఆయన ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. ఆమె రాలేదు. తండ్రి ఎవరికీ చెప్పకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా, బిడ్డను చంకనేసుకుని దొరికిన మొదటి ఓడెక్కి సువా వచ్చేశాడు. బతికున్నన్నాళ్లూ మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు.

రెండేళ్లకు ఆయన ఇంకో పెళ్లి చేసుకున్నాడు. వచ్చినావిడ మంచిదే. సెనిమిలికి తిండికీ బట్టకూ ఏ లోటూ చేయలేదు, తన పిల్లలతో పాటే తల దువ్వేది. కానీ పోయినావిడ పేరు మాత్రం ఆ ఇంట్లో ఎత్తకూడదు. అలాగని ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే అందరికీ తెలుసు. ఫోటో ఒక్కటి కూడా లేదు. అమ్మ పొట్టిగా ఉండేదా, పొడుగ్గా ఉండేదా అన్నది కూడా ఆ పిల్లకు తెలియకుండానే పెద్దదైపోయింది. అంత చిన్న సంగతి పిల్లకు చెప్పడానికి ఎవరికి ఏం అడ్డమొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మేనమామ మాత్రం మేనకోడల్ని వదల్లేదు. మా వాళ్లలో మేనకోడలు ఊళ్లోకి వచ్చి వేలెత్తి చూపిస్తే ఏదైనా ఇచ్చేయాల్సిందే, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఓడలో గోనెసంచి వచ్చేది. కందగడ్డలు, ఎండు చేపలు, సీసాలో కొబ్బరినూనె. సంచి మీద బొగ్గుతో ఆమె పేరు ఉండేది. ఇరవై ఆరేళ్లప్పుడు ఉద్యోగం చేస్తూ కూడబెట్టుకున్న సెలవులన్నీ కలిపి ఆమె మొదటిసారి ఆ ఊరు వెళ్లింది. వారం రోజులు ఉంది. ఆఖరి రోజున వల బాగుచేసుకుంటున్న మేనమామ పక్కన కూర్చుని అమ్మ గురించి అడిగింది. ఆయన సూది ఆపకుండానే అన్నాడు: “పంది కావాలంటే తోలుకుపో. పడవ కావాలంటే విప్పుకుపో. అది మాత్రం ఇప్పుడు అడక్కు తల్లీ.” ఆ ‘ఇప్పుడు’ అన్న మాటను పట్టుకుని ఆవిడ పద్దెనిమిదేళ్లు ఓపిక పట్టింది.

ఉద్యోగం సంగతి చెప్పలేదు కదూ. దీవుల పరిపాలనా కార్యాలయంలో ఇరవై రెండేళ్లకు గుమాస్తాగా చేరింది. అప్పట్లో సర్వర్ చూసుకునే మనిషి మంచి జీతం దొరికిందని ఆక్లాండ్ చెక్కేశాడు. ఆ పెట్టె జోలికి వెళ్లడానికి అందరికీ భయం. దాని మీద దుమ్మైనా దులుపుదామని సెనిమిలి దగ్గరికి వెళ్లింది. దులుపుతూ దులుపుతూ నేర్చుకుంది. పుస్తకాలు తెప్పించుకుని చదివింది, చెడగొట్టింది, బాగుచేసింది. మధ్యలో ఒక పెళ్లి కూడా అయింది, మూడేళ్లు నిలిచింది. ఆ తర్వాత నబువా పేటలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆదివారాలు చర్చిలో కింది స్థాయి గొంతుతో పాడుకుంటూ, మిగతా ఆరు రోజులూ ఆ పెట్టెకు కాపలా కాస్తూ ఉండిపోయింది.

మూడేళ్ల క్రితం కార్యాలయం వాళ్లు ఒక సైటు పెట్టించారు. ఊరూరా ముసలివాళ్లకు తెలిసిన సంగతులు, అంటే దిబ్బల పేర్లు, వంశాలు, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ రేవుకు ఆ పేరు ఎందుకొచ్చింది, ఇవన్నీ ఊళ్లో ఒకరు కూర్చుని అందులో ఎక్కించాలి. పేజీ తర్వాత పేజీ నింపుకుంటూ వెళ్లి చివర్లో ‘ముగించు’ అన్న బటన్ నొక్కాలి. అప్పుడే అది శాశ్వతంగా భద్రమవుతుంది, నకళ్లు కూడా తయారవుతాయి. నొక్కేదాకా ఆ రాసిందంతా సర్వర్లో ఒక తాత్కాలిక ఫైలుగా ఉంటుంది. దాన్ని సెషన్ అంటారు. ఈ వచ్చిన మనిషి ఎవరు, ఇంతదాకా ఏం చెప్పాడు అన్నది సర్వర్ గుర్తుంచుకునే చీటీ అన్నమాట. ఇరవై నాలుగు నిమిషాలు అవతలి నుంచి చడీచప్పుడూ లేకపోతే మనిషి లేచి వెళ్లిపోయాడనుకుని సర్వర్ ఆ చీటీ చింపేస్తుంది. ఊరు పేరు తెలియని ఎవరో పెట్టిన గడువు అది.

ఇరవై నాలుగు నిమిషాల్లో మా ముసలివాళ్లు పొగాకు చుట్టుకోవడం కూడా పూర్తిచేయరు. సైటు మొదలైన వారంలోనే దెలైవతు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అకనీసి, పెనాయా పెద్ద కూతురు, ఆ ఊరి బళ్లో టీచరు. సెనిమిలికి మేనమామ కూతురు, మూడేళ్లు పెద్దది కనుక వదిన. వదినా మరదళ్లు ఎదురుపడితే వేళాకోళం ఆడకుండా ఉండటం మా వాళ్లలో తప్పు.

“ఏమే మరదలా,” అంది అకనీసి. “మా నాన్న యంగోనా తాగిన చిప్ప ఇంకా కింద పెట్టలేదు, ఈలోపే నీ పెట్టె ఆయన్ని బయటికి గెంటేసింది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే లేచిపోవడం దానికి ఎవరు నేర్పారు? నువ్వేనా?”

“పెట్టెకు పెద్దా చిన్నా ఏం తెలుసు వదినా. నీకే ఇన్నేళ్లకూ తెలీలేదు కదా,” అంది సెనిమిలి. ఆ రోజే గడువును ఇరవై నాలుగు నిమిషాల నుంచి పది రోజులకు పెంచింది. సర్వర్కు రాసిపెట్టే సూచనల్లో ఒక్క గీత, అంటే ఒక్క పంక్తి మార్పు.

గడువు పెంచకుండా తరచూ ముగించమని వాళ్లకే చెప్పొచ్చు కదా అని ఆఫీసులో ఒకరిద్దరు అన్నారు. అలా చెప్పినవాడు ఎప్పుడూ ఒక పెద్దాయన ముందు చాప మీద కూర్చుని ఉండడు. పెద్దాయన నోరు తెరిచాడంటే ఆయనే ‘అయిపోయింది’ అనాలి, మనం చప్పట్లు కొట్టాలి, అప్పుడే ఆ మాటకు ముగింపు. మధ్యలో ఇంకొకరు ముగించడం అంటే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టడమే. అందుకని ఏ ఊళ్లోనూ ఎవరూ ఆ బటన్ జోలికి పోయేవారు కాదు. రెండు రోజులైనా, వారమైనా ఆ పేజీ అలా తెరిచే ఉండేది.

పోయిన ఏడు వానల చివర్లో పెనాయా దిబ్బల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఊరి ముందున్న పగడపు దిబ్బల్లో ప్రతి రాయికీ, ప్రతి సందుకూ ఒక పేరుంది. అన్నీ వరసగా తెలిసినవాడు ఆయనొక్కడే. ఐదు రోజులు చెప్పాడు. ఐదో రోజు సాయంకాలం అకనీసి ఫోన్ చేసింది, గొంతు తగ్గించి. దిబ్బల పేర్లు చెప్పుకుంటూ చెప్పుకుంటూ పడవ బోల్తాపడిన సందు దగ్గరికి వచ్చాడట. అక్కడ ఆగకుండా సెనిమిలి తల్లి గురించి మొదలుపెట్టాడట. పొద్దు గూకేదాకా చెప్పాడట. ఇది సెనిమిలి కోసం, అంతా అయ్యాక చదువుకోమను, రేపు ఇంకా ఉంది అన్నాడట.

మర్నాడు తెల్లారేసరికి ఆయన లేడు. నిద్రలోనే పోయాడు.

అంత్యక్రియలు అయ్యాక అకనీసి మళ్లీ ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. “నాన్న ‘అయిపోయింది’ అనకుండా పోయాడే. ఆ పేజీ అలాగే తెరిచి ఉంది. నేను ఎట్లా ముగించను?” అంది. పెనాయా తమ్ముడు ఇనోకె ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద. ఆయన నలుగుర్నీ కూర్చోబెట్టి నిర్ణయం చెప్పాడట. పోయినవాడి పేరున ఊరి ముందు దిబ్బల్లో నూరు రాత్రులు చేపల వేట నిషేధం. కొడుకులు జుట్టు కత్తిరించరు. ఆ మాట కూడా అలాగే ఉండాలి, ఎవరూ చదవకూడదు, ముట్టుకోకూడదు. నూరో రోజున దిబ్బలు తెరిచినప్పుడు అన్న తరఫున తాను ‘అయిపోయింది’ అంటాడు. అప్పుడు ముగించి, అందరి ముందూ చదివి, సెనిమిలి తల్లి సంగతి సెనిమిలికి అప్పగిస్తారు.

“అందాకా నీ పెట్టె దాన్ని ఉంచుతుందా?” అని అడిగింది అకనీసి.

“నేను ఉంచుతాను,” అంది సెనిమిలి.

ఆవిడ ఆ మాట ఇచ్చింది. ఇచ్చి వెంటనే గడువును పది రోజుల నుంచి నూట పది రోజులకు పెంచింది. పెంచి, ఒక నిమిషం ఆలోచించింది. ఎందుకంటే ఆ పనిలో రెండు గీతలుంటాయి. సెషన్లు ఎంతకాలం ఉంచాలో ఒకటి చెబుతుంది, ఎక్కడ ఉంచాలో ఇంకొకటి చెబుతుంది. ఎక్కడ అన్నది ఎవరూ చెప్పకపోతే సర్వర్ అన్నిటినీ ఒకే ఉమ్మడి ఫోల్డరులో పడేస్తుంది. ఊరందరూ బుట్టలు పెట్టుకునే కొట్టులాంటిదది. ఈ సైటుకు సొంతంగా ఒక ఫోల్డరు చేసి, ఆ ఫైలును అందులోకి మార్చి, రెండో గీత రాయాలి. ఐదు నిమిషాల పని. ఆవిడకు తెలియక కాదు, ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తోంది. ఫోల్డరు చేసింది కూడా. ఫైలును అందులోకి మార్చబోతే చెయ్యి ఆడలేదు. ఆ మాట ముట్టుకోకూడదన్నారు. పడుకోబెట్టిన మనిషిని ఇంకో చాప మీదికి లాగినట్టు అనిపించింది ఆవిడకు. నకలు తీసుకుందామంటే అదీ ముట్టుకోవడమే. సర్వర్లో ఉన్నది ఈ ఒక్క సైటే, గడువు నూట పది రోజులు, ఇంక దాన్ని కదిపేదెవరు అనుకుని లేచింది.

అప్పట్నుంచే రోజూ బరువు చూసుకోవడం. చదవాలని ఎంత ఉందో ఆవిడకే తెలుసు. ఒక పొద్దున ఫైలు పేరు మీద వేలు పెట్టుకుని పావుగంట అలాగే కూర్చుంది. నొక్కలేదు. నలభై ఏళ్లు ఆగినదాన్ని నలభై రోజులు ఆగలేనా అనుకుంది.

ఎనభై మూడో రోజున జొవిలిసి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆఫీసులో పైఅధికారి అతనే, వయసులో మాత్రం ఆమె కంటే పదేళ్లు చిన్న, ‘అక్కా’ అనే పిలుస్తాడు. వాలూ బే రేవులో ఓడ టికెట్ల కోసం తోపులాటలు అవుతున్నాయనీ, దెలైవతులో నూరో రోజు కార్యానికే ఎనభై మంది దాకా వెళ్తున్నారనీ, టికెట్లకు ఒక పేజీ పెడితే పుణ్యం ఉంటుందనీ అన్నాడు. సెనిమిలికి అది తన ఇంటి పనిలాగే తోచింది. మేనమామ కార్యానికి వెళ్లేవాళ్లు వానలో వరస కట్టకూడదు కదా. తయారుగా దొరికే పేజీ ఒకటి తీసుకుంది, ఓడ పేరూ తేదీలూ మార్చింది, మధ్యాహ్నానికల్లా అదే సర్వర్లో పెట్టేసింది. సాయంకాలం వెళ్లే ముందు చూస్తే ముప్పై ఇద్దరు టికెట్లు తీసుకున్నారు. ఆ పేర్లలో చాలామంది ఆమెకు చుట్టాలే. చాలాకాలానికి తేలిగ్గా ఇంటికి నడిచింది.

మర్నాడు పొద్దున బరువు చూడబోతే ఫైలు లేదు.

తప్పు చోట చూశాననుకుంది. మళ్లీ చూసింది. ఉమ్మడి ఫోల్డరులో అప్పుడే టికెట్లు తీసుకుంటున్నవాళ్ల చీటీలు తప్ప ఇంకేమీ లేవు. టీ పెట్టుకోలేదు. గొడుగులోంచి నీళ్లు కారి బల్ల కింద మడుగు కట్టాయి. కుర్చీలో కూర్చున్న పదినిమిషాల్లో ఆవిడకు మొత్తం అర్థమైపోయింది. సర్వర్లో ప్రతి సైటూ గడువు దాటిన చీటీలు ఊడ్చే చీపురు తానే తెచ్చుకుంటుంది. కొత్త పేజీ ఇరవై నాలుగు నిమిషాల గడువుతో వచ్చింది. దానికి కూడా ఎక్కడ అన్నది తాను చెప్పలేదు. అది వచ్చి ఉమ్మడి కొట్టులో దిగింది. తన గడువు ప్రకారం ఊడ్చేసింది. ఆ మూల ఉన్నది ఎవరిది, దాని గడువు ఎంత అని చీపురు అడగదు. ఇరవై నాలుగు నిమిషాలుగా కదలని ప్రతిదీ దాని లెక్కలో చెత్తే. పెనాయా మాట ఎనభై మూడు రోజులుగా కదల్లేదు.

డిస్కులో చెరిపేసినది కూడా కొంతకాలం అడుగున మిగిలే ఉంటుంది, పైన కొత్తది పడనంతవరకు. సెనిమిలి సర్వర్ను ఆపేసి, డిస్కు ఊడదీసి, రెండు రోజులు దాని అడుగంతా గాలించింది. ఆమె వెతికిన చోటల్లా టికెట్లు వచ్చాయి. ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల, రెండు చాపల చుట్టలు. ఒక పంది, కాళ్లు కట్టినది. కిరోసిన్ డ్రమ్ము ఒకటి. అన్నీ దెలైవతుకే. పెనాయా కార్యానికి వెళ్లేవాళ్ల పేర్లే పెనాయా మాటల మీద పడ్డాయి. ఆ అరవై ఒక్క వేల అక్షరాల్లో ఒక్క వాక్యం కూడా ఆమెకు తిరిగి దొరకలేదు.

జొవిలిసి కోప్పడలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, నకలు ఒకటైనా తీసుకోలేదా అక్కా అని అడిగాడు. తీసుకోలేదంది. ఎందుకు అని అడగబోయి, అతను కూడా దీవుల మనిషే కనుక, ఆగిపోయాడు. అతను తిట్టి ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేదేమో. ఆ సాయంత్రం ఆమె రెండో గీత రాసింది. పెద్దల మాటల సైటుకు సొంత ఫోల్డరు, టికెట్లకు వేరే ఫోల్డరు. రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రాసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

తర్వాతి వారంలో అకనీసికి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ వేరే ఏదో మాట్లాడి పెట్టేసింది. ఇలాంటిది ఫోన్లో చెప్పేది కాదు. తండ్రి తమ్ముడు రుసియతే ఇంటికి వెళ్లి జరిగింది చెప్పింది. ముసలాయన ఆఖరిదాకా విన్నాడు. తర్వాత లేచి ట్రంకు పెట్టెలోంచి తిమింగలం పన్ను తీశాడు. పేనిన తాడుతో, నూనెతో పసుపెక్కిన పాత పన్ను. మా వాళ్లలో క్షమాపణ అడగాలంటే అదే నోరు. “మీ నాన్న ఆ ఊళ్లోంచి పిల్లను చెప్పకుండా ఎత్తుకొచ్చాడు. దానికి మేం ఇంతవరకూ తల వంచలేదు,” అన్నాడు. “పద. రెండూ కలిపి అడుగుదాం.”

తొంభై ఏడో రోజున ఓడెక్కారు. రెండు రోజుల ప్రయాణం. రైలింగు పట్టుకుని నిలబడి సెనిమిలి ఒకే ఒక్క సంగతి తలుచుకుంటూ వచ్చింది. ఫైలు పోయింది సరే. కానీ ఆ మాట విన్న మనిషి ఉంది కదా. అకనీసి ఎదురుగా కూర్చుని, మావయ్య నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా తన వేళ్లతో ఎక్కించింది. దిబ్బల పేర్లు రెండు వందలు ఎవరికీ గుర్తుండవు, ఆ పాపం నాదే. అమ్మ కథ మాత్రం కథ కదా, కథ ఎవరికైనా గుర్తుంటుంది. వదిన చెబుతుంది. ఆ ఆశ ఒక్కటే లేకపోతే ఆవిడ ఓడ దిగి ఒడ్డుకు నడిచేది కాదేమో.

ఊరి పెద్ద ఇంట్లో చాపల మీద రుసియతే పన్నును రెండు చేతుల్లో పట్టుకుని, తల వంచి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అన్న చేసిన తప్పు మొదట, అన్నకూతురు చేసిన తప్పు తర్వాత. సెనిమిలి ఆయన వెనక నేల మీద చూపు పెట్టుకుని కూర్చుంది. ఇనోకె ముందుకు వంగి పన్ను అందుకున్నాడు. అందుకుంటే క్షమించినట్టే, ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తరు. “అన్న ఆ మాటను నలభై ఏళ్లు మోసుకు తిరిగాడు. దించుకున్నాడు. మనకు అందలేదు,” అన్నాడు. అంతే అన్నాడు. అందరూ దోసిళ్లతో మూడుసార్లు చప్పట్లు కొట్టారు. దిబ్బల పేర్లు తనకు అరవై దాకా వచ్చుననీ, ముసలమ్మలకు ఇంకొన్ని తెలిసి ఉండొచ్చనీ, కార్యం అయ్యాక కూర్చుందామనీ తర్వాత చెప్పాడు. క్షమించేశాక సెనిమిలికి ఇంకా బరువైంది. ఒక్కరైనా ఒక్క మాట అంటారని ఎదురుచూసింది.

అకనీసి వెనక వంటింట్లో గట్టు మీద కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తోంది. మర్నాడు వంద మందికి వండాలి. సెనిమిలి వెళ్లి పక్కన కూర్చుని ఇంకో కత్తి అందుకుంది. వదిన వేళాకోళం ఆడలేదు. లావయ్యావనో, ఎండిపోయావనో అనలేదు.

బుట్టలో సగం అయ్యాక అడిగింది. “వదినా, నువ్వు విన్నావు కదా. నీకు గుర్తున్నంత చెప్పు. వరస తప్పినా పర్లేదు.”

అకనీసి కత్తి ఆపింది. తన చేతులవంక చూసుకుంది.

“నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడతానే,” అంది. “మిగతా రోజుల్లో నాన్న ఆగి ఆగి చెప్పేవాడు. ఆ రోజు ఆగలేదు. ఆపమందామంటే, ఇన్నేళ్లకు మొదలెట్టాడు, ఆపితే మళ్లీ చెప్పడేమోనని భయం. వెనకబడిపోకూడదని కళ్లు మీటల మీదే పెట్టుకున్నా. చెవిలో పడింది పడినట్టు చేతుల్లోకి పోయింది. నేను వినలేదే. ఎక్కడికి పోతుందిలే, అందులోనే ఉంటుంది కదా, నూరో రోజున నీతో పాటు నేనూ వినొచ్చు అనుకున్నా.”

“ఏదో ఒకటి ఉంటుంది వదినా. ఒక్క ముక్క.”

“మధ్యలో ఒకసారి నవ్వాడు. అది తెలుసు, ఎందుకంటే చెయ్యి ఆగింది, తలెత్తి చూశా. దేనికి నవ్వాడో తెలీదు.” ముంజేత్తో మొహం తుడుచుకుంది. “మీ అమ్మ పేరు కొట్టా. నీ పేరు కొట్టా. నీ పేరు చాలాసార్లు వచ్చింది.”

సెనిమిలి చేతిలో ఉన్న దుంపను పూర్తిగా చెక్కి నీళ్లలో వేసింది. ఇంకోటి తీసుకుంది.

“ఆ నవ్వింది,” అంది, “మా అమ్మ పేరు వచ్చినప్పుడా, నా పేరు వచ్చినప్పుడా?”

అకనీసి తల అడ్డంగా ఊపింది. కాసేపాగి సెనిమిలి అదే మళ్లీ అడిగింది.